రాజం ముడులు

1994 అక్టోబరులో బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఒక పెద్ద హోటల్లో ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్‌గా చేరాను. గదుల శుభ్రత, దుప్పట్లు, లాండ్రీ అన్నీ ఆ పదవి కిందికే వస్తాయి. పైన జనరల్ మేనేజరు ఒక్కడే. దగ్గర్లోని రిఫా ఊళ్ళో అద్దె ఫ్లాటు. భార్య సుభద్ర, రెండో తరగతి చదివే కూతురు. వాళ్ళ వీసాలు నా ఉద్యోగం మీదే నిలబడి ఉండేవి.

అప్పట్లో నాకు కోపం ముక్కుమీదే ఉండేది. అతిథుల బట్టల మీద గది నంబరు వేసిన అతుకు చీటీ తప్ప మరే గుర్తూ ఉండకూడదని చేరిన వారంలోనే ఉత్తర్వు ఇచ్చాను. లాండ్రీలో పనిచేసే రాజం మాత్రం వినలేదు. జగిత్యాల వైపు మనిషి, తాతల నాటి నుంచి అదే పని. ప్రతి బట్టకూ అంచు లోపల దారంతో చిన్న ముడులు వేసేవాడు, ఇస్త్రీ అయ్యాక కత్తిరించేవాడు. ఎప్పుడైనా ఒకటి మరిచిపోతే అతిథి ఫిర్యాదు చేసేవాడు. అలా రెండు హెచ్చరిక లేఖలు అందుకున్నాడు. మూడోది వస్తే వీసా రద్దు, ఖలాస్.

మరుసటి ఏడాది ఒక గురువారం ఉదయం మూడో ఫిర్యాదు వచ్చింది. మొండిఘటం అని తిట్టుకుంటూ మూడో లేఖ మీద సంతకం పెట్టి, జనరల్ మేనేజరు సంతకానికి పంపించాను.

ఆ రోజే నాలుగో అంతస్తు మొత్తం ఒక పెళ్ళివారు దిగారు. ఇరవై నాలుగు తోబులు, అంటే అక్కడి మగవాళ్ళు తొడుక్కునే తెల్లటి నిలువు అంగీలు, ఉతకడానికి వేశారు. నాలుగింటికల్లా ఇవ్వాలి. మధ్యాహ్నం సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. కొత్తగా తెప్పించిన చీటీలు వేడినీళ్ళకు ఊడిపోయి మిషను అడుగున ముద్దగా పడ్డాయట. పరుగున కిందికి దిగాను. అన్నీ తెలుపే, అన్నీ ఒకలాంటివే. వరుడి అంగీ మామగారి గదికి చేరితే మా పరువు ఏం కావాలి?

రాజం ముందుకొచ్చాడు. "పరేషాన్ గాకుండ్రి సార్. ముడులున్నయి."

"వేయొద్దన్నాను కదయ్యా!"

"వద్దన్నరు. గని నాకు గా చీటీల మీద నమ్మకం లేకపాయె. లెటర్ ఇస్తే ఇయ్యుండ్రి, ముందుగాల ఇవి ఇస్త్రీ కానియ్యుండ్రి."

అన్నీ నాలుగో అంతస్తువే కాబట్టి ఎడమ అంచున పదులు, కుడి అంచున ఒకట్లు చాలు. ఎడమ ఒక ముడి, కుడి ఏడు ఉంటే 417వ గది. అతను ముడులు తడుముతూ చెబుతుంటే నేనే కాగితం మీద రాసుకుని తోబులు విడదీశాను. మూడున్నరకు అన్నీ గదులకు చేరాయి. ఒక్కటి కూడా మారలేదు. నాకు సిగ్గేసింది.

లేఖ ఇంకా జనరల్ మేనేజరు బల్ల మీదే ఉంది. దాన్ని వెనక్కి అడగడానికి వెళ్ళేముందు ఇంటికి ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి, ఇది నా మెడకు చుట్టుకోవచ్చన్నాను.

"చుట్టుకుంటే సామాను సర్దుకుందాం లెండి," అంది సుభద్ర. "ఆ మనిషిని పంపించేసి ఇంటికొచ్చారంటే మాత్రం మీకు అన్నం పెట్టను."

లేఖ వెనక్కి ఇమ్మని జనరల్ మేనేజరును అడిగాను. ఫిర్యాదు వచ్చాక ఎవరో ఒకరి పేరు మీద లేఖ ఉండాల్సిందే అన్నాడు. తప్పు నా ఉత్తర్వుదేనని, నా పేరే రాయమని చెప్పాను. ఆయన నన్ను బయటికి పొమ్మన్నాడు. నేను కదల్లేదు. చివరికి రాజం లేఖ చింపి, నా పేరు మీద కొత్తది రాసిచ్చాడు. నా సర్వీసులో అదే మొదటి హెచ్చరిక.

శనివారం నా కోటు లాండ్రీ నుంచి వచ్చింది. అంచు లోపల ఒక ముడి ఉంది. మళ్ళీ మరిచిపోయావా అని రాజాన్ని గద్దించాను.

"మరువలే సార్. మీకొచ్చింది ఒక్కటే లెటర్ గద!" అన్నాడు.

ముడుల పద్ధతిని లిఖితపూర్వకంగా అనుమతించాను, కత్తిరించాక మరొకరు సరిచూడాలన్న షరతుతో. తర్వాత పనిచేసిన మూడు హోటళ్ళలోనూ, ఆ పని చేసే మనిషిని పిలిచి అడగకుండా ఏ ఉత్తర్వు మీదా సంతకం పెట్టలేదు. ఆలస్యమవుతోందని పైవాళ్ళు విసుక్కునేవారు. అయినా అడగడం మానలేదు.