జెండాకో బల్ల

సంతోష్‌నగర్‌లోని ఒక అంతర్జాతీయ రెసిడెన్షియల్ కాలేజీలో నేను హాస్టల్ వార్డెన్‌గా పనిచేశాను. అక్కడి పిల్లలు రోజూ మెస్‌లో నేలమీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరుచుకుని, సూడాన్, యెమెన్, నేపాల్ అని చూడకుండా ఒకే పెద్ద పళ్లెంలో తినేవాళ్లు. డైరెక్టర్‌కు ఆ సంగతే తెలియదు. భోజనాల వేళ ఆయన అటువైపు వస్తే కదా!

‘ప్రపంచ ఐక్యతా విందు’కు అతిథులొస్తున్నారనగానే మాత్రం కోటు తొడుక్కుని దిగాడు. పళ్లెం, దస్తర్‌ఖాన్ స్టోర్‌రూంలో పడేయించి, దేశానికో బల్ల వేయించి, బల్లకో జెండా పెట్టించాడు.

“రోజూ కలిసే తింటరు సార్, గట్లనే కూసోనియ్యండ్రి” అన్నాను.

“గట్లెట్ల మేడం? అందరు కలిసి కూసుంటే గెస్టులకు ఐక్యత ఏడ కనబడ్తది?”

ఈ మహానుభావుడికి డాక్టరేట్ కూడా ఉంది.

నేపాల్ నుంచి వచ్చింది ఒక్క అమ్మాయే. అంత పెద్ద బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని అన్నం కెలుకుతుంటే, అతిథులు ఎగబడి ఆమెనే ఫొటోలు తీశారు.

వాళ్ల కార్లు గేటు దాటాయో లేదో, సూడాన్ అబ్బాయి వచ్చి స్టోర్‌రూం తాళంచెవి అడిగాడు, మాదన్నపేట మార్కెట్లో నేర్చిన తెలుగులో.

“పెద్దమనుషులు పోయిన్రు కదా మేడం, ఇగ కలిసి తింటం.”