శవం వేషం

షిఫ్టు దిగి ఇంటికొచ్చిన ఆదిబాబు వెంటనే బూట్లు విప్పడు. గుమ్మం పక్క గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడతాడు. కార్ఖానాలో కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి నైట్ డ్యూటీ చేసిన మనిషి. బతుకుతెరువుకి వచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్లో, నది మీది మాంగో వంతెన దాటే కిక్కిరిసిన ఆటోలో కూడా నిద్రపోగలడు. ఆ విద్యే అతన్ని సినిమాకెక్కించింది. ఇప్పుడు దేశమంతా పేరు మోగుతున్న దర్శకుడు ఒకప్పుడు అరువు కెమెరాతో వీళ్ల వీధిలోనే తన మొదటి సినిమా తీస్తూ, శవంగా పడుకోవడానికి మనిషి కావాలన్నాడు. అప్పుడే డ్యూటీ దిగిన ఆదిబాబు చాప మీద ఒరిగాడు. చుట్టూ ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తుంటే నిజంగానే నిద్రపోయాడు. మైకుకు కూడా డబ్బుల్లేక మాటలూ ఏడుపులూ తర్వాత కలిపిన సినిమా కాబట్టి, తెర మీద ఆ గురక ఎవరికీ వినపడలేదు.

ఈ ఉదయం బూట్లు విప్పకముందే, ఆ దర్శకుడి మీద కార్యక్రమం తీస్తున్న టీవీ వాళ్లు అతన్ని గుమ్మంలో ఆపి, ఒక్కసారి ఆ సినిమాలోలా పడుకుని చూపించమన్నారు. వసారాలో పడుకున్నాడు. అడిగినవాళ్లు కెమెరా సర్దుకునేలోగా గురక మొదలైంది.

"పాపా, ఉఠియే నా!" అని కూతురు తనూజ సిగ్గుతో, లేవమంటూ భుజం కుదిపింది.

"లేపకే," అంది భార్య రత్నం.

టీవీ అమ్మాయి మైకు రత్నం వైపు తిప్పి, ఆ దర్శకుడి గొప్పతనం ఏమిటని అడిగింది.

రత్నం మొగుడి బూట్ల తాళ్లు విప్పుతూ, "నాకేటి తెలుత్తాదమ్మా? సీను అయిపోనాక ఆ బాబు ఈయన్ని లేపనేదు. దుప్పటి కప్పి, సప్పుడు సెయ్యకండని అందర్నీ అవతలికి పంపీసినాడు. మరింకెవులూ ఈ మడిసిని అలాగ పడుకోనివ్వనేదు," అంది.