రోజుకు మూడు వరుసలు

మా రీడింగ్ రూం అటెండరమ్మ పోయింది. ఆ రోజు పొద్దున పేపరు కోసం వెళ్తే తలుపుకు తాళం ఉంది. ముందు నాకు కోపమే వచ్చింది. పది దాటినా తెరవకపోతే ఎట్లా అని గొణుగుతుంటే పక్కనున్న చాయ్ దుకాణం అతను అన్నాడు: "అక్క పోయింది సారూ. తెల్లారంగ గుండెల నొప్పన్నదట. దవాఖానకు తోల్కపోయే లోపట్నే అయిపోయింది."

నేను "ఓహో" అన్నాను. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

ఇబ్రహీంపట్నంలో మా రీడింగ్ రూం ఒక చిన్న గది. ఒక కమిటీ నడుపుతుంది. ఆమె పని ఊడ్వడం, పేపర్లు సర్దడం, పుస్తకాలకు దుమ్ము దులపడం. ఏడో తరగతి దాకా చదివింది. కొన్నేళ్ల కింద ఒక ప్లైవుడ్ ముక్కకు నల్లరంగు వేసి గుమ్మం పక్కన నిలబెట్టింది. రోజూ దాని మీద సుద్దతో మూడు వరుసలు రాసేది. పిల్లలకు ఒకటి, కాలేజీ వాళ్లకు ఒకటి, మాలాంటి తెల్లతలలకు ఒకటి. అది చూసి ఎవరికి తోచింది వాళ్లు నోటుబుక్కులో రాసుకోవాలి. సోమవారం కథ, మంగళవారం ఉత్తరం, బుధవారం ఇద్దరి మధ్య మాటలు, శనివారం డైరీ. మిగతా రోజులు ఆమె ఇష్టం.

"గుమ్మం ముందటి చెప్పులు ఏం మాట్లాడుకుంటయి?" అని పిల్లలకు. "ఇంటర్వ్యూల చెప్పలేకపోయిన జవాబు రాయుండ్రి" అని కాలేజీ వాళ్లకు. "నాదర్‌గుల్ దిక్కు తిరిగే చిన్న విమానంలకెల్లి మీ ఇల్లు ఎట్ల కనవడ్తది?" అని ఒకసారి అందరికీ కలిపి. రాయడం రాదని ఎవరన్నా వెనక్కి తగ్గితే, "తెల్ల కాయితం ఏమన్న కరుస్తదా?" అనేది. పేజీలు పేజీలు నింపి తెచ్చేవాళ్లతో, "ఒక్క ముచ్చట చాలు, రెండోది రేపటికి ఉంచు" అనేది.

మొదటి రోజు పెద్దవాళ్ల వరుసలో "మీ ఇంటి గురించి రాయుండ్రి" అని పెట్టింది. మధ్యాహ్నానికల్లా గది ముందు లైను కట్టారు. ఇండ్ల స్కీముకు దరఖాస్తులు తీసుకుంటున్నారని ఊరంతా పాకింది. ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డులు, పాస్‌పోర్టు ఫోటోలు. ఒక ముసలామె వేలిముద్ర తీసుకొమ్మని చెయ్యి చాపి అట్లాగే నిలబడింది.

"ఏమమ్మా, ఎమ్మార్వో ఎప్పుడైనవు?" అన్నాను అటెండరమ్మతో.

"గింత ఎక్కిరిచ్చుడెందుకు సారూ? గిదొక్కటి సదువు" అని ఒక కాగితం నా ముందు పెట్టింది.

కూలికి పోయే ఒకామె పక్కింటి పిల్లతో రాయించిన దరఖాస్తు అది. "మా ఇల్లు ఉత్తరం దిక్కు కురుస్తది. నా మొగుడు పోయినప్పటి సంది గా దిక్కు పండుకుంట లేను. గందుకే బాగు చేయించలే. ఇప్పుడు బిడ్డ కానుపుకు వస్తున్నది, జాగ కావాలె."

చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాను. నలభై ఏళ్లు ఆఫీసుల్లో ఫైళ్లు రాశాను. అంతకంటే ఎక్కువ ఏళ్లు పుస్తకాలు చదివాను. అట్లాంటి వాక్యం ఒక్కటి నా చేతి నుంచి రాలేదు. ఆ సంగతి నాకు ఆ రోజు, ఆమె ఎదుట తెలిసింది.

మర్నాడు ఆమె బోర్డు తీసెయ్యలేదు. ఊరికి తెలిసింది దరఖాస్తు రాయడమే కదా అని దరఖాస్తే అడిగింది: "చచ్చిపోయిన మీ అత్తకు ఒక దరఖాస్తు పెట్టుకోండ్రి." ఆ వారమంతా గదిలో కూర్చోవడానికి చోటు లేదు.

మొన్న సంతాప సభలో కమిటీ అధ్యక్షుడు ఆమెను "అక్షర తపస్విని" అన్నాడు. మోకాళ్లు నొస్తున్నాయి, కుర్చీ కావాలని ఆమె అడిగితే స్టూలు చాలన్నది ఈయనే. శాలువా ఎక్కడుంటే అక్కడుండే మా ఊరి కవి లేచి, ఆమెకు ప్రేరణ తానేనన్నాడు. ఆ బోర్డు ముందు ఆయన ఒక్కసారి ఆగడం చూశాను, చెప్పులో రాయి దులుపుకోవడానికి. చివరికి "బాగా చదివినవాళ్లు, మీరే రాయాలి" అని ఈ నాలుగు మాటలు నాకు అప్పగించారు. వాళ్ల సంగతి చెప్పాను. ఇక నాది.

ఆమె మీద కమిటీకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. రీడింగ్ రూం సంతయిపోయిందనీ, అటెండరు పని విడిచి పంతులమ్మ వేషం వేస్తున్నదనీ, పేపరు చదువుకునేవాళ్లకు నిశ్శబ్దం కరువైందనీ. నాలుగు పేరాలు. రాసింది నేను. బోర్డు ఎత్తేశారు. ఆమెను నాదర్‌గుల్‌లో తమదే ఇంకో గదికి మార్చారు. ఆ మోకాళ్లతో ఏడాదిన్నర రోజూ బస్సెక్కి పోయి వచ్చింది. ఇక్కడ టైముకు తాళం తీసేవాళ్లు దొరక్క మళ్లీ పిలిచారు.

వచ్చిన రోజే బోర్డు పెట్టింది. తెల్లతలల వరుసలో ఇట్లా ఉంది: "సంతకం పెట్టకుంట విడిచిన కాయితం ఏదన్న ఉంటే, దాని గురించి రాయుండ్రి."

ఆమె వైపు చూశాను. పేపర్లు సర్దుతున్నది. "కూసో సారూ, ఫ్యాన్ ఏస్త" అన్నది.

ఆ వరుస నాకోసమా, ఊరికోసమా? అడిగితే ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె పోయేదాకా రోజూ వెళ్లాను, రోజూ పేపరు చదివాను. అడగలేదు.

సభ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్త చేపలు పడతాడు. అరుగు మీద కూర్చుని, వల ఒక కొసను కాలి వేలికి తగిలించుకుని, తెగినచోట అల్లుతున్నాడు. నిలబడే చెప్పాను.

"ఆమె మీద కమిటీకి రాసింది నేనే."

"ఎరుకే," అన్నాడు తలెత్తకుండా. "కమిటోళ్లు సదివి ఇనిపిచ్చిన నాడే ఇంటికొచ్చి చెప్పింది. సారే రాసిండు, గింత మంచిగ ఇంకెవలకు రాదు అన్నది."

"ఇంకేమన్నది?"

"మస్తు కోపం జేసింది. రెండొద్దులు నాతోని గూడ మాట్లాడలే." దారం పళ్లతో తెంపాడు. "ఆడికెల్లి తిరిగొచ్చినంక, సారు రాస్తడేమో సూడాలె అన్నది. రోజు సూసింది."

అతను నా ముఖం వైపు ఒకసారి చూసి, అరుగు మీద కొంచెం జరిగాడు.

"కూసో. గీ కొస జర పట్టు సారూ, వదులైతున్నది."

కూర్చుని వల అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. తడిగా ఉంది. అతను సూది లాగినప్పుడల్లా దారం నా వేళ్లను ఒరుసుకుంటూ పోతున్నది.

"గట్టిగ," అన్నాడు.

గట్టిగా పట్టుకున్నాను.