సుద్దమ్మ దిగని ఇరవై మూడు అంతస్తులు

దేవుడు మనిషిని తయారుచేసి లోకంలోకి వదిలేముందు ఒక్క పూట మా అమ్మమ్మ బల్ల మీద పెట్టి ఉంటే, మోకాళ్ళు అరవై ఏళ్ళకే అరిగేవి కావు, పళ్ళు రెండుసార్లు మొలవాల్సిన పని ఉండేది కాదు, దోమ అయితే అసలు గడపే దాటేది కాదు. "ఇదేం కుట్టు నాయనా, విప్పి మళ్ళీ కుట్టుకురా" అని ఆయన్ని వెనక్కి పంపించేసేది. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను. అనుమానం ఉన్నవాళ్ళు తమ చొక్కా విప్పి ఆమె చేతికివ్వవచ్చు. తిరిగి తొడుక్కోబుద్ధి అయితే అప్పుడు మాట్లాడదాం.

ఆమెను అందరూ సుద్దమ్మ అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గర నిలబడింది. కుట్టు పూర్తయిన ప్రతి చొక్కా ఆమె చేతుల మీదుగానే పెట్టెలోకి వెళ్ళాలి. లోపం కనిపించినచోట సుద్దతో చిన్న గీత గీసి, కుట్టినవాళ్ళ వైపు చూడకుండానే విసిరేది. సరిగ్గా వాళ్ళ ఒళ్ళోనే పడేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్ళ కొనలు తెల్లగా ఉండేవి. పేరు అలా వచ్చింది.

మిగతా చెకర్లు చొక్కాని ముందు బయటివైపు చూసేవాళ్ళు. ఆమె చేతికి అందగానే తిరగేసేది. "బయటివైపు చూపించుకోడానికి. దొంగపని ఎప్పుడూ లోపలే ఉంటుంది" అనేది. ఇంట్లో కూడా అంతే. కొత్త పరుపు వస్తే కింద నుంచి, పెళ్ళికొడుకు వస్తే వాళ్ళ అమ్మ నుంచి చూడటం మొదలుపెట్టేది.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. అమ్ముడుపోయిన చొక్కా లోపంతో తిరిగొస్తే, దాన్ని పాస్ చేసిన చెకరు మర్నాడు పొద్దున మిషన్లు మొదలవకముందు కుట్టేవాళ్ళ లైను ముందు నిలబడి, చొక్కా పైకెత్తి పట్టుకుని, "ఇది నేను వదిలిన పీసు" అని చెప్పాలి. అంతే. తిట్లుండవు, జీతంలో కోతలుండవు. ఆ మాట వినపడ్డాకే మిషన్లు ఆడేవి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో సుద్దమ్మ రెండుసార్లు నిలబడింది. ఒకసారి కాజా లేని గుండీకి. ఇంకోసారి రెండూ ఎడమ చేతులే ఉన్న చొక్కాకి. రెండోదాని గురించి అడిగితే ఇప్పటికీ మాట మార్చేస్తుంది.

రిటైరయ్యాక ఆమెకి తప్పులు పట్టడానికి మేమే మిగిలాం. మా అమ్మ వంట, నాన్న గడ్డం, పక్కింటివాళ్ళు బట్టలారేసే తీరు, ఏదీ బతికి బట్టకట్టలేదు. ఆ రోజుల్లోనే మా పై అంతస్తులో ఒక ఆఫీసు దిగింది. నలుగురు మనుషులు, ఆరు కంప్యూటర్లు, చక్రాల కుర్చీలు. ఆ కుర్చీల చప్పుడుకి మధ్యాహ్నం కునుకు పట్టక, ఆమె మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి పోట్లాటకి వెళ్ళింది. తలుపు తీసింది వాళ్ళ యజమాని, వంగితే తప్ప గుమ్మం దాటలేని పొడుగు మనిషి.

"కుర్చీలకి కాళ్ళకింద ఏదైనా కట్టుకోండయ్యా" అంటూ, ఆయన భుజం పక్కనుంచి గోడమీది పెద్ద తెరని చూసింది. "ఆ దీపం ఎడంపక్కన ఉంది కదా, నీడ కూడా ఎడంపక్కే పడుతోందేం?"

పొడుగాయన తిరిగి చూశాడు. వెనక కూర్చున్న కోడ్ రాసే అమ్మాయి చూసింది. ఏడాదిగా రోజూ ఆ బొమ్మనే చూస్తున్న నలుగురూ చూశారు.

"లోపలికి రండమ్మా" అన్నాడు పొడుగాయన. "కూర్చోండి. చక్రాల కుర్చీ వద్దులెండి."

అలా మా అమ్మమ్మ అరవై నాలుగో ఏట వీడియో గేములు చెక్ చేసే ఉద్యోగంలో చేరింది.

వాళ్ళు చేస్తున్న ఆట ఒక లిఫ్టు మెకానిక్ కథ. నలభై అంతస్తుల పాత భవనం. ప్రతి అంతస్తులోనూ ఒక చిక్కు, దాన్ని విప్పితే లిఫ్టు పై అంతస్తుకి వెళ్తుంది. మా భవనంలో లిఫ్టు నెలకి ఇరవై రోజులు పడకేసే ఉంటుంది, కాబట్టి ఈ ఆలోచన వాళ్ళకి ఎక్కడినుంచో ఊడిపడలేదు.

అందరూ ఒకటి నుంచి నలభైకి ఎక్కుతూ పరీక్షించేవాళ్ళు. సుద్దమ్మ నలభైకి చేరాక వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టింది.

"దిగడానికి అందులో ఏమీ లేదు సుద్దమ్మగారూ" అంది కోడ్ అమ్మాయి.

"తలుపులున్నాయా?"

"ఉన్నాయి."

"తలుపుంటే ఎవడో ఒకడు తీస్తాడు తల్లీ."

అలా దిగుతూ ఆమె పట్టినవి లెక్కలేనన్ని. ముప్ఫై ఎనిమిదిలో గోడలోంచి నడిచిపోయే పిల్లి. ముప్ఫై ఒకటిలో తలకిందులుగా వేలాడే కాపలాదారు. ప్రతి అంతస్తుకీ నోటు పుస్తకంలో ఒక గడి గీసుకుంది. చూసి సరిపోయిందనుకుంటేనే గడిలో టిక్కు.

విడుదల రోజు వచ్చింది. చివరి మార్పుల తర్వాత మళ్ళీ మొత్తం దిగి చూడాలి. నాలుగింటికి ఆటని పంపించేయాలి. మూడున్నరకి ఆమె ఇరవై నాలుగో అంతస్తులో ఉంది. కళ్ళు మండుతున్నాయి, బొటనవేలు కొయ్యబారింది. వెనక పొడుగాయన మాటా పలుకూ లేకుండా నిలబడ్డాడు. అరిచేవాడైతే ఆమె కూడా అరిచి ఇంకో గంట అడిగి ఉండేది. అతను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, అదే కొంప ముంచింది. ఇంతవరకూ దిగినవన్నీ బాగానే ఉన్నాయిగా అనుకుంది. మిగిలిన ఇరవై మూడు గడుల్లో వరసగా టిక్కులు పెట్టి పుస్తకం మూసేసింది.

ఆట బాగా పోయింది. బస్సులో, క్షౌరశాలలో, బడి గేటు దగ్గర ఫోన్లలో ఆ లిఫ్టు గంట వినపడేది. ఆట పూర్తిచేసినవాళ్ళకి చివర్లో పేర్లు వస్తాయి. అందులో "చెకింగ్: సుద్దమ్మ" అని ఒక వరస. మా అమ్మ దాన్ని ఫోటో తీసి తన ఆఫీసులో పనిచేసే పద్నాలుగు మందికీ చూపించింది. అందులో ఇద్దరు ఆమెకి పడనివాళ్ళు, వాళ్ళకి రెండేసిసార్లు చూపించింది. సుద్దమ్మ మాత్రం ఆ ఫోటో చూడమంటే, పొయ్యి మీద ఏదో ఉందని లేచిపోయేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు.

విడుదలైన పదకొండో రోజు పొద్దున పొడుగాయన అందర్నీ కూర్చోబెట్టాడు.

"రెండో భాగం ప్రకటిస్తున్నాం. రేపు సాయంత్రం ఐదింటికి లైవ్."

"మొదటిదాని వేడే ఇంకా ఆరలేదు కదయ్యా" అంది సుద్దమ్మ.

"అందుకే. వేడిమీదుండగానే చెప్పాలి."

"పురిటి మంచం దిగకముందే రెండోదానికి పేరు పెట్టినట్టుంది."

"పేరు పెట్టేశాం కూడా" అన్నాడతను నవ్వుతూ. తెరమీద చూపించాడు. అదే భవనం, అదే మెకానిక్. ఈసారి పైకి కాదు, నేలకింద నలభై అంతస్తులు, దిగుతూ పోవాలి. "ఈ ఆలోచన మీదే సుద్దమ్మగారూ. మీరు దిగుతుంటే చూసే నాకు తట్టింది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మొహం మామూలుగా అయితే ఆ పూటంతా వెలిగిపోవాల్సిందే. వెలగలేదు. ఎందుకంటే ఆ పొద్దునే కోడ్ అమ్మాయి ఆమెకి ఒక ఉత్తరం చదివి వినిపించింది. ఆటగాడు ఒకాయన రాసింది.

"అమ్మా అయ్యా, నేను నిజంగా లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మేం పనిని పైనున్న మిషను గదిలో మొదలుపెట్టి, ఒక్కో అంతస్తే దిగుతూ తలుపులు చూసుకుంటూ వస్తాం. అలవాటు కొద్దీ మీ ఆటలోనూ అలాగే దిగాను. ఇరవై మూడులో తలుపు తెరుచుకుంది, లోపల లిఫ్టు లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి పడుతూనే ఉన్నాను, నేల తగల్లేదు. ఈ పనిలో నాకిది ముప్ఫయ్యో ఏడు. నిజం లిఫ్టులో ఒక్కసారీ పడలేదు."

కోడ్ అమ్మాయి నవ్వుతూ చదివింది. చదివాక సుద్దమ్మ మొహం చూసి నవ్వడం మానేసింది.

చప్పట్లు ఆగాక ఆమె నోటు పుస్తకం తెచ్చి పొడుగాయన ముందు తెరిచింది. "ఇదిగో, ఈ ఇరవై మూడు టిక్కులూ అబద్ధం. దిగకుండానే పెట్టాను."

అతను పుస్తకం చూసి, ఉత్తరం చూసి, తేలిగ్గా ఊపిరి వదిలాడు. "ఇంతేనా? వేలకి ఒకడు దిగుతాడు అలా. రెండో భాగంలో సరిచేసేద్దాం."

"చొక్కాకి గుండీ ఊడిందయ్యా అంటే, వచ్చే చొక్కాకి రెండు పెడతాలే అన్నట్టుంది. తొడుక్కున్నవాడి ఛాతీ సంగతేంటి?"

"సుద్దమ్మగారూ..."

"రేపు నువ్వు లోకాన్నంతా పిలిచి, కిందికి దిగుదాం రండి అంటావు. వాళ్ళు ఊరుకుంటారా? ఇంటికెళ్ళి పాత ఆటలో దిగి చూస్తారు. అందరూ పడతారు."

పొడుగాయన కూర్చున్నాడు. ఆ సంగతి అతనికి తట్టలేదు. కోడ్ అమ్మాయి వైపు చూశాడు.

"నాలుగు రోజులు కావాలి" అంది ఆమె.

"నాలుగు రోజులు లేవు. రేపు ఐదింటికని చెప్పేశాం."

"ప్రకటించుకో" అంది సుద్దమ్మ. "ముందు నన్ను లైను ముందు నిలబడనివ్వు."

లైనంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. విన్నాక అతని మొహం పాలిపోయింది. "లైవ్‌లోనా? మొదటిదానికే చిల్లుంది, రెండోది అమ్ముకుంటున్నారని నవ్వుతారు."

"నవ్వనీ. చెప్పకుండా నేను రెండో పీసు ముట్టుకోను. అలా ముట్టుకునే చెకరు కావాలంటే బజార్లో దొరుకుతారు, వెతుక్కో."

ఆమె కిందికి వచ్చేసింది. ఆ రోజు ఇంట్లో ఎవరి తప్పూ పట్టలేదు. మా నాన్న గడ్డం గీసుకోకుండా మూడుసార్లు ఎదురుగా తిరిగాడు, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆయన కంగారుపడి తనే వెళ్ళి గీసుకొచ్చాడు. ఆమెకి ఆ కుర్చీ అంటే ఎంత ఇష్టమో మాకు అప్పుడు తెలిసింది. పొద్దున్నే జుట్టు దువ్వుకుని మెట్లెక్కే మనిషి, రేపటినుంచి మళ్ళీ మా కూరల్లో ఉప్పు వెతుక్కుంటూ కూర్చోవాలి.

మర్నాడు నాలుగింటికి పొడుగాయన మా గుమ్మంలో తల వంచి నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఇస్తాను. అంతకన్నా ఎక్కువ వద్దు."

"అంత ఏం చేసుకోను? ఫ్యాక్టరీలో మూడు సెకన్లు పట్టేది" అని ఆమె చెప్పులు వేసుకుంది.

మేమంతా కింద మా ఫోన్లో చూశాం. పక్కింటివాళ్ళు కూడా వచ్చారు, తమ బట్టల తాడు గురించి ఆమె అన్నవి మరిచిపోయి. ఐదింటికి తెరమీద సుద్దమ్మ కనిపించింది. ఎత్తి చూపించడానికి చొక్కా లేదు కాబట్టి నోటు పుస్తకం ఎత్తి పట్టుకుంది.

"ఇది నేను వదిలిన పీసు" అంది. "నలభై నుంచి ఇరవై నాలుగు దాకా దిగాను. మిగతావి దిగకుండా టిక్కు పెట్టాను. ఇరవై మూడులో తలుపు వెనక లిఫ్టు లేదు, పడతారు. నాలుగు రోజుల్లో బాగుచేస్తాం. అప్పటిదాకా పైకే వెళ్ళండి."

పక్కకి జరిగింది. పొడుగాయన రెండో భాగం సంగతి మొదలుపెట్టాడు. ఇంతలో తెర కింద కామెంట్లు విరుచుకుపడ్డాయి. పైకే వెళ్ళండి అంది కదా, జనం అంతా కిందికే వెళ్ళారు. పడుతూ పడుతూ అక్కడినుంచే రాశారు. ఎవరు ఎక్కువసేపు పడతారని పందేలు కాసుకున్నారు. "తన తప్పు తనే చెప్పిన ఆటలు చేసే మనిషిని ఇప్పుడే చూస్తున్నా, రెండోది ఈవిడ చూస్తేనే కొంటా" అని ఒకరు. "ముసలమ్మని పనిలోంచి తీసేయండి" అని ఇంకొకరు. మా అమ్మ ఆ రెండో మనిషిని వెతికి పట్టుకుని నాలుగు పేరాలు రాసింది. సుద్దమ్మ ఆ కామెంటు చదివించుకుని, "వాడన్నదీ అబద్ధం కాదు" అని ఊరుకుంది.

కోడ్ అమ్మాయి మూడు రోజుల్లోనే ఇరవై మూడో తలుపు సరిచేసింది. నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి సుద్దమ్మ నలభైలో మొదలుపెట్టి, మధ్యలో అన్నానికి ఒక్కసారి లేచి, చివరి తలుపు దాకా ప్రతి తలుపూ తీసి మూసింది. పదహారులో ఇంకో పిల్లి దొరికింది, దాన్ని అక్కడికక్కడే సరిచేయించింది. కొత్త పేజీలో నలభై గడులు గీసి, నలభై టిక్కులు నింపింది. ఆ సాయంత్రం మార్పు అందరికీ వెళ్ళింది. మర్నాడు లిఫ్టు మెకానిక్ దగ్గరినుంచి ఒకే ముక్క వచ్చింది: "నేల తగిలింది, థాంక్స్."

రెండో భాగంలోనూ చెకింగ్ ఆమెదే. ఈసారి విడుదలకి ముందు ఆఖరి వారం రోజులూ ఎవరూ తన వెనక నిలబడకూడదని, మంచినీళ్ళ గ్లాసుతో అసలే నిలబడకూడదని ముందే చెప్పింది. పొడుగాయన ఒప్పుకున్నాడు. ఎవరైనా కొత్తవాళ్ళు ఆఫీసుకొస్తే, వాళ్ళని ముందు ఆమె కుర్చీ దగ్గరికే తీసుకెళ్ళి పరిచయం చేస్తాడు. నేనైతే దారిన పోయేవాళ్ళకి కూడా చెబుతాను.

ఇదంతా రాసి ఆమెకి చదివి వినిపించాను. మధ్యలో కామాలు ఎక్కడ లేవో చెప్పింది. అంతా అయ్యాక, కడుపులో ఉన్నది ఆపుకోలేక అడిగాను. "అమ్మమ్మా, ఆ లిఫ్టాయన ఉత్తరం రాయకపోయి ఉంటే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని కాదు" అంది. "అది కూడా రాయి."