పదిమెట్ల బాబాయి

మా బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరింట్లో మానిటర్ కనబడినా దాని వెలుగు సరిచేయనిదే ఆయనకు ముద్ద దిగదు.

ఫోటో స్టూడియోలో ముప్పై ఏళ్ళుగా ప్రింట్లు తీస్తున్నాడు. జేబులో పెన్‌డ్రైవ్, అందులో ఒకే ఒక్క బొమ్మ: కటిక నలుపు నుంచి తెలుపు దాకా పది మెట్లు. ఎక్కడికి వెళ్ళినా కర్టెన్లు మూసి, అది తెరిచి, లెక్కపెట్టమంటాడు. నల్లటి మెట్లు కలిసిపోతే బ్రైట్‌నెస్ పెంచుతాడు. తెల్లటివి కలిసిపోతే కాంట్రాస్ట్ తగ్గిస్తాడు. పదీ విడివడ్డాకే మంచినీళ్ళు తాగుతాడు.

ఒకసారి అద్దె ఇల్లు చూడబోయి ఇంటాయన మానిటర్ సరిచేశాడు. అంతవరకూ ఫోటోలో నిగనిగలాడిన ఇంటాయన జుట్టులో రంగంటని పాయలు బయటపడ్డాయి. ఇల్లు ఇంకెవరికో ఇచ్చేశారు. నీడల్లో వివరం వచ్చింది కదా అని బాబాయి తృప్తిగా తిరిగొచ్చాడు.

మా అత్తయ్య ఆయనకు అక్క. బట్టలు కుడుతుంది. చూపు తగ్గిందని తెలిస్తే మామయ్య కుట్టుమిషన్ అటకెక్కిస్తాడని ఆమె భయం. అందుకే మనవరాలి ఫోటోలు చూసినప్పుడల్లా, తీసినవాడికి చేతకాదని తిట్టేది. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళిన బాబాయి, మామూలుగానే వాళ్ళ కంప్యూటర్లో మెట్లు తెరిచాడు.

"ఎన్నున్నాయక్కా?"

"ఆరు."

నాకు పదీ కనబడుతున్నాయి. నోరు తెరవబోతే బాబాయి నా కాలు తొక్కాడు. తప్పు మానిటర్‌దే అన్నాడు. వెలుగు పెంచుతూ పోయాడు. గది గోడలు కూడా తెల్లబారాయి. మెట్లు సగం మంచులా కరిగిపోయాయి.

"ఇప్పుడు కనబడుతోందిరా, పిల్ల నవ్వు," అంది అత్తయ్య.

దారిలో అడిగాను, చేతులారా అలా పాడుచేశావేమని.

"నీ కళ్ళకి పెట్టలేదురా అది," అన్నాడు.

మర్నాడు, కంటి డాక్టరు మానిటర్ బాగాలేదట, తోడు రమ్మని అక్కను బయల్దేరదీశాడు. ఆయన సంగతి తెలిసినవాళ్ళం కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. డాక్టరు ఆమె కళ్ళు చూశాడు. ఆలోగా బాబాయి డాక్టరు మానిటర్ నిజంగానే సరిచేశాడు.

శుక్లాలు తీశారు. చూపొచ్చాక మిషన్ మాట మామయ్య ఎత్తలేదు.

నెల తర్వాత అత్తయ్య కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఇదేం పెట్టడంరా? పిల్ల మొహానికి సున్నం కొట్టినట్టుంది."

మానిటర్ విషయంలో ఎవరి మాటా పడని బాబాయి తలవంచుకున్నాడు. "తప్పయిందక్కా."

ఆమే బటన్ నొక్కి వెలుగు తగ్గించింది. మెట్లు తెరవమని, వేలుపెట్టి లెక్కపెట్టింది. పది.

బాబాయి మంచినీళ్ళు అడిగాడు.