పోలయ్య పెట్టెకు నేను చేసిన బాగు

కరోనా వెనకబట్టిన మరుసటి ఏడాది, ఎండాకాలం. నెల్లూరులో రైల్వే గేటు పక్క సందులో మా హార్మోనియం రిపేరు షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోబాకండి. ఒక చిన్న గది, ఒక బల్ల, గోడకు రంపాలు, ఎప్పుడూ జిగురు వాసన. మా నాయన నలభై ఏళ్లు పనిచేసిన బల్ల ముందే ఇప్పుడు నేను కూర్చుంటాను. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. "ఆడమనిషి హార్మోనియం విప్పుద్దా?" అని మొదట్లో అడిగినోళ్లు ఉన్నారు. విప్పి, బిగించి, శ్రుతి చేసి చేతిలో పెట్టాక నోరు మూసుకున్నారు. నా పనితనం మీద నాకు కాస్త పొగరుంది, దాచుకోను. ఇప్పుడు చెప్పబోయేది ఆ పొగరు సంగతే.

ఒక సోమవారం పొద్దున ఆటో అతను ఒక పాత హార్మోనియం పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతని వెనకాల అరవై దాటిన ఒక పెద్దాయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. తెల్ల పంచె, కుడిచేతి మీద మడిచి వేసుకున్న తువ్వాలు.

"నేను మైపాడు పోలయ్యనమ్మా. నాటకాలకు హార్మోనియం వాయిస్తా. ఇది మీ నాయన చేతిమీద తయారైన పెట్టె. తిత్తిలో గాలి పోతా ఉంది. అది జూడు చాలు. శనివారం కావలి పక్కన ఆట ఉంది."

"అంతేనా పెద్దాయనా?"

"అంతే. ఇంకేం కదిలించబాక."

ఆ చివరి మాట నా చెవికెక్కలేదు.

తిత్తి అంటే హార్మోనియం వెనక ఎడమచేత్తో ఆడించే బెల్లోస్. మడత దగ్గర తోలు చీలింది. పల్చటి తోలుముక్క అతికిస్తే సరిపోయే పని, గంటలో అయిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఇప్పుడు మీకు చెప్పడానికేమీ ఉండేది కాదు.

పెట్టె లోపల చూస్తే నాకు మతిపోయింది. ప్రతి మెట్టుకూ, అంటే వేలితో నొక్కే కీకి, ఒక స్ప్రింగు ఉంటుంది. అది మెట్టును గట్టిగా పట్టి, కింద గాలి రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. ఈ పెట్టెలో స్ప్రింగులన్నీ నీరసంగా ఉన్నాయి, వేలు ఆనిస్తే చాలు మెట్టు కిందికి పోతోంది. పైగా తెల్లమెట్ల మీది పలకల అంచులు ఒక్కటీ సూటిగా లేదు, అన్నీ గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. చివరి రోజుల్లో మా నాయనకు చేతులు వణికేవి. అప్పుడు చేసిన పనే అయ్యుంటుంది అనుకున్నా. నాకు సిగ్గేసింది. సిగ్గుకంటే దుఃఖం ఎక్కువ. ఇంత వంకర పని ఆయన పేరు మీద ఊళ్లు తిరుగుతోందే అని.

చెప్పకుండానే పని మొదలుపెట్టా. రెండు రోజులు కూర్చుని కొత్త స్ప్రింగులు వేశా. పాత పలకలు ఊడదీసి, కొత్తవి అతికించి, అంచులు సూటిగా దిద్దా. పెట్టె కొత్త పెళ్లికొడుకులా తయారైంది. మా నాయన పరువు నిలబెట్టానని ఆ పూట రెండు కప్పుల టీ తాగా.

బుధవారం పోలయ్య వచ్చాడు. "ఒకసారి వాయించి చూడు పెద్దాయనా" అన్నా గొప్పగా. ఆయన కూర్చుని తువ్వాలు తీశాడు. కుడిచేతికి చిటికెన వేలు, ఉంగరం వేలు లేవు. నడిమి వేలు సగానికి వంగి బిర్రబిగుసుకుపోయి ఉంది. మిగిలింది చూపుడు వేలు, బొటనవేలు.

మొదటి స్వరం ఆలస్యంగా పలికింది. రెండోదానికి పోబోతే వేలు అంచుకు తగిలి టక్కుమని ఆగింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ టక్కు. మూడోసారి ఆయన నుదుట చెమట పట్టింది. తిత్తి ఆడించడం ఆపి, మెట్ల అంచుల మీద వేలితో అటూ ఇటూ రాసి చూశాడు.

"ఏం జేసినావమ్మా?"

"మా నాయనకు చివర్లో చెయ్యి వణికేది. అప్పుడు చేసిన పని అనుకుని, బాగుచేద్దామని..."

"వణికేదా? ఈ పెట్టె చేసి ముప్పై ఏళ్లయింది. అప్పుడు ఆయన చెయ్యి రాయి మాదిరి ఉండేది."

అయ్యో దేవుడా! వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారే, నేను చేసింది అంతకన్నా ఘోరం. ఉన్న వినాయకుణ్ణి చెక్కి కోతిని చేశా.

"ముందే చెప్పొచ్చు గదా!" అని ఆయన మీదే గయ్యిమన్నా. తప్పు చేసినోళ్లకు కోపం ముందొస్తుంది.

"కదిలించబాక అని చెప్పినా గదా" అన్నాడు మెల్లగా. తర్వాత తనంతట తనే చెప్పుకొచ్చాడు. పద్నాలుగేళ్లప్పుడు సముద్రం మీద వల తాడు చేతికి చుట్టుకుందట. పడవ ముందుకు, వల వెనక్కి. ఇక వల లాగే పని లేకపోయింది. భజన మందిరంలో కూర్చుని ఉన్న వేళ్లతోనే హార్మోనియం నేర్చుకున్నాడు. పద్యనాటకాల వాళ్లు మాత్రం రానియ్యలేదు. అక్కడ పాత్రధారి రాగం ఎటు తీస్తే అటు అదే క్షణాన పోవాలి. రెండు వేళ్లతో ఏం అందుకుంటావు పొమ్మన్నారు.

"మీ నాయన నన్ను ఈ బల్ల ముందర పది రోజులు కూర్చోబెట్టినాడు. వాయించమనేది, చూసేది. వేలు ఎత్తి పెట్టలేవు, జారాల పోలయ్యా, జారాలంటే అంచు ఉండగూడదు అన్నాడు. ఒక్కో అంచూ ఆకురాయితో రాకినాడు. స్ప్రింగులు నా వేలి బలానికి వంచినాడు. ఆ జారుడుకే గదమ్మా నాకు పేరొచ్చింది! పోలయ్య జారుడు అని కృష్ణపట్నం దాకా చెప్పుకుంటారు."

"మరి నాతో ఒక్కసారన్నా అనలేదే ఆయన?"

"చెయ్యి సంగతి పెట్టెకు తెలిస్తే చాలు, ఊరికెందుకు అన్నాడు. ఆయనా జెప్పలా, నేనూ జెప్పలా." పోలయ్య తువ్వాలు మళ్లీ చేతి మీద కప్పుకున్నాడు. "మా మేనేజరు కీబోర్డు పెడదామని ఏడాదిగా అంటా ఉండాడు. శనివారం ఆ కీబోర్డాయన కూడా వస్తాడు. నేను తడబడితే నా చోట్లో ఆయనే. కీబోర్డు మీద నా చెయ్యి నిలవదమ్మా. నిలిచేది ఈ ఒక్క పెట్టె మీదనే."

నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడ్చే టైము లేదు. ఏదీ పారెయ్యబాక అనేది మా నాయన మాట. అందుకని ఊడదీసిన పలకలు, స్ప్రింగులు బిస్కెట్ల డబ్బాలోనే ఉన్నాయి. ఒక పలక తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూశా. వాడకానికి అరిగేది నడుమ, వేలు ఆనే చోట. ఇది పక్కల అరిగి ఉంది. ఎవరూ పోని చివరి మెట్టుకు కూడా అంతే గుండ్రం. దగ్గరగా చూస్తే సన్నటి ఆకురాయి గీతలు, అన్నీ ఒకే వాలున. తిప్పితే వెనక పెన్సిల్‌తో మా నాయన రాసిన అంకె. రెండు రోజులు ఇవే పలకలు నా చేతుల్లో ఉన్నాయి. ముందే తీర్పు చెప్పేసుకున్నా కాబట్టి ఒక్కటి కూడా తిప్పి చూడలేదు.

గురు, శుక్రవారాలు పోలయ్య షాపులోనే ఉన్నాడు. పలకలు అంకెల వరసన అతికించా. స్ప్రింగులకు అంకెల్లేవు. అందుకని ఒక్కోటీ వేసి, "నొక్కు పెద్దాయనా" అనడం, ఆయన "ఇంకా బిర్రుగా ఉంది" అనడం, నేను ఇంకాస్త వంచడం. బాగా సడలిస్తే గాలి బుస్సుమంటుంది, బిగిస్తే ఆయన వేలు ఓడిపోతుంది. ఆ రెంటి నడుమ వెంట్రుకంత చోటు. ముప్పై ఏళ్ల కిందట ఆ చోటు వెతికిన మనిషి పక్కనే నేను అన్నం తిన్నా, ఆయన ఏం చేస్తున్నాడో ఏనాడూ అడగలేదు.

ఊడదీసేటప్పుడు నాలుగు పలకలు విరిగాయి. వాటికి కొత్తవి వేసి నేనే ఆకురాయి పట్టా. మూడు కుదిరాయి. నాలుగోదాని మీద పోలయ్య వేలు జార్చి చూసి, ఇంకోసారి జార్చి చూసి, నవ్వాడు.

"కొంచెం గరుకుగా ఉంది."

"ఉండు, ఇంకాస్త రాకుతా."

"వద్దులే. జారేదానికేం అడ్డం లేదు. ఇది నువ్వు చేసినదని గుర్తుంటది."

ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. "ఆట ఎట్ల జరిగింది?" అన్నా.

"కీబోర్డాయన ముందు వరసలో కూర్చుని తెల్లారేదాకా విన్నాడమ్మా. పోతా పోతా పెట్టె ఎవురు చేసినారని అడిగినాడు. మీ నాయన పేరు చెప్పినా. నీ పేరు కూడా."

అప్పట్నుంచి పెట్టె తెచ్చినవాళ్లను ముందు వాయించమంటాను. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి వాళ్ల చేతులు చూస్తాను. మా నాయన బాగుచేసిన పెట్టెలు ఇంకా అడపాదడపా వస్తుంటాయి. ఏదన్నా వంకర కనిపిస్తే, "ఇది ఎందుకిట్లా ఉందో మీకేమన్నా తెలుసా?" అని అడుగుతాను. చాలాసార్లు కారణం ఉంటుంది. ఒకటి రెండు మాత్రం నిజంగా ఆయన చివరి రోజుల వణుకే. స్వరానికి అడ్డం రాకపోతే వాటినీ అట్లే వదిలేస్తున్నా.