ఒక్క ఖానా ఖాళీ ఉంచని వంశం

ఐదుగురు పెద్దమనుషుల ముందు నిలబడి, వాళ్లలో ఒకాయన జీవితకాలపు చదువును ఒక్క మాటతో లేకుండా చేసిన ఘనుణ్ణి నేను. ఆ సర్వనాశనం ఎలా జరిగిందో చెబుతాను. మీరు కూర్చునే వినండి. ఆ రోజు నాకు కూర్చునే మొహం లేకపోయింది.

మాది మంథని పక్కన పాతకాలపు దొరల ఇల్లు. భూములు పోయాయి, కోటలాంటి మా గడి కూలింది, నడుము మాత్రం వంగలేదు. భూములు పోయిన కథ చిన్నదే. మా తాత ఒక దస్తావేజు మీద సంతకం పెట్టి, ఒక ఖానా ఖాళీగా వదిలేశాడు. ఎదుటివాడు అందులో తనకు నచ్చింది రాసుకున్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే వేదం. "కాగితం మీద ఖాళీ జాగ కనబడితే నింపు, లేకుంటే గీత కొట్టు" అని మా బాపు, అంటే నాన్న, అన్నం తినేటప్పుడు కూడా చెప్పేవాడు. ఫారంలో 'కార్యాలయ వినియోగానికి మాత్రమే' అన్నచోట కూడా ఏదో ఒకటి రాసి వచ్చిన వంశం మాది.

అలాంటి నేను కరీంనగర్‌లో వరి అగ్గితెగులు మీద పరిశోధనకు చేరాను. చేరానంటే, సగమే. ఆ తెగులు మీద ఇదివరకు ఎవరేం రాశారో వెతికి కమిటీకి చెప్పాలి. వాళ్లు తలూపితే సీటు ఖాయం. లేదంటే మంథని బస్సు.

లైబ్రరీలో రజియా మేడం పరిశోధన వ్యాసాల డేటాబేస్ తెరిచి పెట్టింది.

"జర కూసో, ఏ ఖానాల ఏం రాయాల్నో చెప్త."

"అక్కర్లేదు మేడం. ఫారాలు నింపుడు మా ఇంట్ల పుట్టుకతోనే వస్తది."

"అట్లనా దొరా! గట్లనే కానీ" అని ఆమె చాయ్ తాగడానికి పోయింది.

తెర మీద ఖానాలు బారులు తీరి ఉన్నాయి. రచయిత అన్నచోట, అడిగేదెవరో తెలియాలి కదా, ఇంటిపేరుతో సహా నా పేరు. శీర్షిక: నా పరిశోధన శీర్షిక, ఆసాంతం. సంవత్సరం: నేను పుట్టింది. సంస్థ: మా గడి. భాష: తెలుగు. మాతృభాషను దాచుకోవడమెందుకు? మీట నొక్కాను.

ఫలితాలు: సున్నా.

మీరైతే ఏడ్చేవారు. నేను మీసం సవరించుకున్నాను. అంటే ఈ తెగులును ప్రపంచంలో ఎవడూ ముట్టలేదన్నమాట!

మర్నాడు కమిటీలో మా గైడు లింగయ్య సార్ కూడా కూర్చున్నాడు. వరి మడుల్లోనే జుట్టు నెరిసిన మనిషి.

"అగ్గితెగులు మీద ఎవరెవరు రాసిండ్రు?" అని కమిటీలో ఒకాయన అడిగాడు.

"ఎవ్వరూ రాయలే సార్. ప్రపంచంల ఒక్క వ్యాసం లేదు. నేనే మొదటోణ్ణి."

లింగయ్య సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మరి నేను ఇన్నేండ్ల సంది ఏం రాస్తున్నయ్యా? పెండ్లి పత్రికలా?"

"రాస్తే దొరకాలె గద సార్!" అన్నాను. అవును, అన్నాను. వెన్ను వంగనివాడికి నాలుక మాత్రం ఎక్కడ వంగుతుంది?

రజియా మేడంను పిలిపించారు. "ఎట్ల వెతికినవో చూపెట్టు" అంది. అందరి ముందూ మళ్లీ నింపాను, ఒక్క ఖానా వదలకుండా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో దొరా! గిది దరఖాస్తు కాదు. ఒక్కో ఖానా ఒక్కో జల్లెడ. అన్నిట్ల నుంచి జారిందే కింద పడతది. నువ్వు పుట్టిన ఏడు, నువ్వే, తెలుగుల, మీ గడి పేరు మీద రాసిన వ్యాసం గావాలంటివి. ఉయ్యాలల పండుకొని రాసినవా?"

అన్నీ చెరిపేసి, శీర్షిక ఖానాలో ఇంగ్లీషులో తెగులు పేరొక్కటే కొట్టింది. గోదావరికి వరదొచ్చినట్టు వ్యాసాలు! "ఎక్కువైతే అప్పుడు సంవత్సరం పెట్టి తగ్గించుకోవాలె" అంది. రచయిత ఖానాలో లింగయ్య సార్ పేరు కొడితే పేజీ నిండిపోయింది.

మా వంశంలో మొదటిసారి ఒక నడుము వంగింది. "తప్పయింది సార్."

"నెల రోజులు గడువిస్తున్న. ఇవన్నీ చదివి రా." సార్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "రజియమ్మా, రచయిత ఖానాల వీని పేరొక్కటే కొట్టు."

సున్నా.

"గిది మాత్రం సరిగ్గనే చెప్పింది" అన్నాడు సార్.

ఇప్పుడు అదే ఖానాలో నా పేరు కొడితే మూడు వ్యాసాలు వస్తాయి. కొడుతూనే ఉంటాను, దాపరికమెందుకు?

కూలిన మా గడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అవసరం లేని ఖానాను ఈ జన్మలో నింపను. ఈ మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కింద మిగిలిన ఖాళీకి గీత కూడా కొట్టాను.